ఎత్తైన ప్రదేశానికి వెళ్తే బీపీ మాత్ర పెంచుకోవాలా?

ప్రశ్న: నా వయసు 56. ఏడేళ్లుగా బీపీ ఉంది. రోజూ ఉదయం టెల్మిసార్టన్ 40, క్లోర్తాలిడోన్ 12.5 కలిసిన మాత్ర వేసుకుంటున్నాను. ఇంట్లో చూసుకుంటే 130/80 దగ్గర ఉంటోంది. వచ్చే నెల కుటుంబంతో కలిసి 3,500 మీటర్ల ఎత్తున్న ఊరికి విమానంలో వెళ్తున్నాం. వారం రోజులు ఉంటాం. ఒక రోజు కారులో 5,300 మీటర్ల కనుమ దాకా వెళ్లి రావాలని అనుకుంటున్నాం. అక్కడ బీపీ పెరుగుతుందని, మాత్ర రెండు పూటలా వేసుకోమని తెలిసినవాళ్లు అంటున్నారు. అసలు నేను వెళ్లొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: వెళ్లొచ్చు. మీలా బీపీ అదుపులో ఉన్నవారిని, కేవలం బీపీ ఉందన్న కారణంతో ప్రయాణం మానుకోమని చెప్పం. మాత్ర మాత్రం రెండు పూటలా వేసుకోకండి. మీవాళ్లు చెప్పినదాంట్లో సగం నిజమే, అక్కడ బీపీ పెరుగుతుంది. అయితే దానికి మందు అది కాదు.

పైకి వెళ్లేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. గాలిలో ఆక్సిజన్ వాటా ఎక్కడైనా 21 శాతమే. కానీ 3,500 మీటర్ల దగ్గర ఒక్కో శ్వాసలో లోపలికి వెళ్లే ఆక్సిజన్ కింద అందేదానిలో మూడింట రెండు వంతులే ఉంటుంది. మెడలోని రక్తనాళాల దగ్గరున్న కణాలు ఈ కొరతను పసిగట్టి శరీరాన్ని హెచ్చరిస్తాయి. దాంతో అడ్రినలిన్ లాంటి హార్మోన్లు పెరిగి, గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. బీపీ లేనివారిలోనూ ఇదే జరుగుతుంది. ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌లో, అంటే 5,400 మీటర్ల ఎత్తున, ఆరోగ్యవంతులకు 24 గంటల బీపీ మెషీన్ కట్టి చూసిన అధ్యయనం 2014లో వచ్చింది. వారిలో పై అంకె సగటున 14 దాకా పెరిగింది. మామూలుగా రాత్రి నిద్రలో తగ్గాల్సిన బీపీ కూడా పైనే ఉంది. మీకు పనికొచ్చే విషయం ఇంకొకటి అందులోనే ఉంది. మీరు వాడుతున్న టెల్మిసార్టన్ 3,400 మీటర్ల దగ్గర బాగానే పనిచేసింది, 5,400 మీటర్ల దగ్గర మాత్రం పెద్దగా ప్రభావం చూపలేదు. కనుమ మీద బీపీ పెరిగిందని ఇంకో మాత్ర వేసుకున్నా ఫలితం ఉండకపోవచ్చు.

పైగా మీ మాత్రలో క్లోర్తాలిడోన్ కూడా ఉంది. అది మూత్రం ద్వారా నీటిని, ఉప్పును బయటికి పంపే మందు. ఎత్తులో గాలి పొడిగా ఉంటుంది, ఊపిరి వేగం పెరుగుతుంది, ఆకలి, దాహం తెలియవు, మొదటి రెండు రోజులు మూత్రం కూడా ఎక్కువగా పోతుంది. ఇంత నీరు పోతున్నప్పుడు ఆ మాత్ర రెండుసార్లు పడితే పొద్దున మంచం దిగగానే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. పొటాషియం తగ్గి గుండె లయ కూడా తప్పొచ్చు.

అందుకే బయల్దేరడానికి రెండు మూడు వారాల ముందే మీ డాక్టర్ని కలవండి. సోడియం, పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు చేయించుకోండి. విమానం దిగగానే 3,500 మీటర్ల ఎత్తులో ఉంటారు కాబట్టి, కొండ జబ్బు (ఎత్తులో ఆక్సిజన్ తగ్గడం వల్ల వచ్చే అనారోగ్యం) రాకుండా ఎసిటజోలమైడ్ వాడాలా అని అడగండి. మామూలుగా 125 మిల్లీగ్రాముల మాత్రను రోజుకు రెండుసార్లు, ప్రయాణానికి ముందు రోజు నుంచి మొదలుపెడతారు. ఎత్తులో బీపీ పెరుగుదలను కూడా ఇది కొంత తగ్గిస్తుంది. కానీ ఇదీ మూత్రం ఎక్కువగా పోయేలా చేసేదే, పొటాషియం తగ్గించేదే. రెండూ కలిపి వేసుకోవాలా, క్లోర్తాలిడోన్ బదులు ఆమ్లోడిపిన్ లాంటిదానికి మారాలా అన్నది మీ రిపోర్టులు చూసి ఆయన నిర్ణయించాలి. సల్ఫా మందులు (ఒక రకం యాంటీబయాటిక్స్) ఎప్పుడైనా పడకపోయి ఉంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మెషీన్‌లో కనిపించే అంకె కాదు, తలనొప్పి. అక్కడికి వెళ్లాక మొదటి రోజో రెండో రోజో తలనొప్పి వస్తే మీరు బీపీ అనుకుంటారు, ఇంకో మాత్ర వేసుకుని పడుకుంటారు. నిజానికి ఆ ఎత్తులో తలనొప్పి, వికారం, నీరసం వస్తే ముందుగా అనుమానించాల్సింది కొండ జబ్బునే. పారాసిటమాల్ వేసుకుని, అక్కడే విశ్రాంతి తీసుకోండి, తగ్గేదాకా ఇంకా పైకి వెళ్లకండి. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు, ముక్కు దిబ్బడకు వాడే జలుబు మాత్రలు బీపీని పెంచుతాయి, వాటి జోలికి పోవద్దు. నడుస్తుంటే తూలుతున్నా, మాట తడబడి మనిషి అయోమయంగా ఉన్నా, కదలకుండా కూర్చున్నా ఆయాసం ఆగకపోయినా మెషీన్ వెతుక్కుంటూ కూర్చోకండి. అవి మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో నీరు చేరుతున్న లక్షణాలు. రాత్రయినా సరే వెంటనే కిందికి దించాలి, ఆక్సిజన్ పెట్టాలి. ఈ మాట మీతో వచ్చేవాళ్లకి ముందే చెప్పి ఉంచండి, ఆ సమయంలో నిర్ణయం తీసుకునే స్థితిలో మీరు ఉండకపోవచ్చు.

మెషీన్ తీసుకెళ్లండి, కానీ గంటకోసారి చూసుకోకండి. ఉదయం, సాయంత్రం చాలు. చలికి చేతులు బిగుసుకుపోయి ఉన్నప్పుడు, మెట్లెక్కి వచ్చిన వెంటనే చూసుకుంటే అంకె ఎక్కువే చూపిస్తుంది. వెచ్చగా అయిదు నిమిషాలు కూర్చున్నాక చూసుకోండి. చాలా ఇంటి మెషీన్లను 800 హెక్టోపాస్కల్ పీడనం వరకే, అంటే సుమారు 2,000 మీటర్ల ఎత్తు దాకా పనిచేసేలా పరీక్షించి ఉంటారు. మీ మెషీన్‌తో వచ్చిన కాగితం ఒకసారి చదవండి. పై అంకె 145, 150 కనిపించి, మీకు బాగానే ఉంటే ఏమీ చేయనక్కర్లేదు. రెండు మూడుసార్లు చూసినా 160/100 దాటే ఉంటే మీ డాక్టర్‌కి ఫోన్ చేయండి, అవసరమైతే ఏ మందు ఎంత వేసుకోవాలో ముందే ఆయన చేత రాయించుకుని వెళ్లండి. 180/120 దాటి, దాంతోపాటు ఛాతీ నొప్పి, చూపు మసకబారడం, ఒక పక్క బలహీనత ఉంటే అది అత్యవసర పరిస్థితి, ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

మొదటి రెండు రోజులు ఊళ్లోనే నెమ్మదిగా గడపండి. కనుమకు నాలుగో రోజు తర్వాతే వెళ్లండి, అక్కడ కాసేపు ఆగి రాత్రికి కిందికి వచ్చేయండి. మద్యం, నిద్రమాత్రలు వద్దు.

ఇది చదివే మిగతావారికి ఒక మాట. కింద ఉన్నప్పుడే బీపీ 160/100 పైన ఉంటున్నవారు అది అదుపులోకి వచ్చేదాకా ప్రయాణం వాయిదా వేసుకోవాలి. ఈమధ్యే గుండెపోటు, పక్షవాతం వచ్చినవారు, నడిస్తే ఛాతీ పట్టేసేవారు గుండె డాక్టర్ అనుమతి లేకుండా బయల్దేరకూడదు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికి ఎత్తులో నడక త్వరగా అలసట తెప్పిస్తుంది, వేళ్లు చల్లబడతాయి, అలాగని వాటిని ఒక్కసారిగా ఆపితే మరీ ప్రమాదం.

అక్కడున్నప్పుడు డాక్టర్ సలహాతో మందు పెంచి ఉంటే, కిందికి దిగాక అదే డోసు కొనసాగించకండి. దిగాక బీపీ మళ్లీ పాత స్థాయికి వస్తుంది, పెంచిన మందు అప్పుడు ఎక్కువైపోతుంది. ఇంటికొచ్చిన మర్నాటి నుంచి వారం పాటు రోజూ చూసుకుని, ఆ అంకెలు మీ డాక్టర్‌కి చూపించండి.