పండ్లలో మనమే ముందు, మరి ఆ విలువ ఎవరి చేతిలో ఉంది?

“ఆంధ్రప్రదేశ్‌లో ఏటా పండ్లు, కూరగాయలు ఎంత పండుతాయి, అందులో బయటికి వెళ్లేది ఎంత, మొత్తం విలువ ఎంత?” అని మీ ప్రశ్న. మొదటి ముక్కకు జవాబు తేలిక. పండ్లు ఏడాదికి ఒకటిన్నర కోటి టన్నుల పైమాటే. దేశంలో ఇంత పండించే రాష్ట్రం మరొకటి కనిపించడం అరుదు. అరటి, మామిడి, బత్తాయి, బొప్పాయి, ఈ నాలుగింటిదే అందులో పెద్ద వాటా. కూరగాయల్లో మనం అంత ఎత్తున లేము. ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్, మధ్యప్రదేశ్ మనకు బాగా ముందున్నాయి. రెండో ముక్క, అంటే ఎంత బయటికి వెళ్తుందన్నది, ఎవరు చెప్పినా నేను నమ్మను. తోటలోనే తూకం వేసి అర్ధరాత్రి నేరుగా ఢిల్లీ లారీ ఎక్కించే కాయ ఏ యార్డు పుస్తకంలో పడుతుంది? ఇక మూడోది, విలువ. దాని గురించే నాకు మాట్లాడాలని ఉంది.

విలువ అనే అంకె ఎలా పుడుతుందంటే, ఇన్ని ఎకరాలు, ఎకరాకు సగటున ఇన్ని టన్నులు, టన్నుకు ఇంత ధర అని గుణించుకుంటూ పోతారు. ఎకరాలు సరే, టన్నులూ ఒప్పుకుందాం. ధర ఎక్కడిది? తోటలోదా, మండీలోదా, ఫ్యాక్టరీ గేటుదా, ఢిల్లీలోని పెద్ద పండ్ల మార్కెట్ ఆజాద్‌పూర్‌దా? ఒకే కాయకు ఒకే వారంలో ఈ నాలుగు చోట్ల నాలుగు ధరలుంటాయి. ఏ ధర పెట్టి గుణించినా కోట్లు వస్తాయి, అందుకే ఆ అంకె ఎప్పుడూ అందంగా ఉంటుంది.

నేను చాలాకాలం చెన్నైలో ఓడరేవు పనులు చూసే ఒక ఆఫీసులో ఎగుమతి కాగితాలు తయారు చేశాను. చిత్తూరు, కృష్ణగిరి వైపు నుంచి వచ్చే మామిడి గుజ్జు కంటైనర్లు మా దగ్గరికి వచ్చేవి. డ్రమ్ముకు 215 కిలోలు, ఇరవై అడుగుల కంటైనర్‌కు 80 డ్రమ్ములు, మొత్తం 17 టన్నుల చిల్లర. టన్ను గుజ్జు తీయడానికి సుమారు రెండు టన్నుల తోతాపురి కాయ కావాలి. అంటే ఒక్క కంటైనర్ వెనక 34 టన్నుల కాయ ఉంటుంది, ఏడెనిమిది ట్రాక్టర్ల సరుకు. అవి సౌదీకి, యెమెన్‌కు, నెదర్లాండ్స్‌కు వెళ్లేవి. కాగితం మీద ప్రతి డ్రమ్ముకూ డాలర్లలో విలువ ఉండేది, పైసలతో సహా. ఆ కాగితాలు చూసి చూసి, తోట దగ్గర కూడా ధర అంత కచ్చితంగా ఉంటుందని ఎవరైనా అనుకుంటారు.

2025 జూన్‌లో బావకు తోడుగా ఒక గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడ్డాను. మా అక్కవాళ్లది చిత్తూరు జిల్లాలో బంగారుపాళ్యం వైపు. తోట మొత్తం తోతాపురే. ఆ ఏడాది కాపు బాగా వచ్చింది. ఎంత బాగా అంటే, పూత చూసినప్పుడే అక్క భయపడింది. అంతకు ముందు ఏడాది కాయ తక్కువ, ఫ్యాక్టరీలు పోటీ పడి కొన్నాయి. ఆ గుజ్జు పూర్తిగా అమ్ముడుపోక గోదాముల్లో మిగిలిపోయింది. 2023 చివరి నుంచి ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులతో యూరప్‌కు వెళ్లే సరుకు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది. కిరాయి పెరిగింది, రోజులూ పెరిగాయి, కొనేవాళ్లు వెనకాడారు. ఎక్కడో యెమెన్ తీరంలో పేలిన బాంబు బంగారుపాళ్యంలో కాయ ధర తగ్గిస్తుందంటే మా బావ నమ్మలేదు. “వాళ్లకు ప్రతి ఏడాదీ ఒక సాకు దొరుకుతుంది” అన్నాడు.

కాయ తెమ్మని ఫ్యాక్టరీవాళ్లు టోకెన్ ఇచ్చారు కాబట్టి కోయించాడు. తోతాపురి కోసిన తరువాత ఆగదు. కోత కూలీలు, ఎత్తుడు కూలీ, ట్రాక్టర్ కిరాయి అన్నీ అప్పటికే ఖర్చయిపోయాయి. మేము వెళ్లేసరికి ట్రాక్టర్ల వరుస గేటు నుంచి రోడ్డు మలుపు దాకా ఉంది. మలుపు తిరిగితే ఇంకా ఉంది. ఎండ. పైన పట్ట కప్పితే లోపల కాయ ఉడుకుతుంది, తీస్తే ఎండకు మచ్చ పడుతుంది. సాయంత్రానికి ట్రాలీ అడుగున నలిగిన కాయ నుంచి రసం రోడ్డు మీదికి కారడం మొదలైంది. ఈగలు, తేనెటీగలు. దగ్గర్లో ఒక్క మరుగుదొడ్డి లేదు, తాగడానికి నీళ్లు లేవు. టీ కొట్టువాడు మాత్రం వరుస వెంట మోపెడ్ మీద తిరుగుతూ రెట్టింపు ధరకు అమ్ముకున్నాడు. ఆ రోజు మొత్తంలో తన సరుకుకు తానే ధర చెప్పిన మనిషి అతనొక్కడే.

ప్రభుత్వం అప్పటికే ధర ప్రకటించింది. కిలోకు 12 రూపాయలు: ఫ్యాక్టరీ 8 ఇవ్వాలి, ప్రభుత్వం 4 రైతు ఖాతాలో వేస్తుంది. వరుసలో ప్రతి ఒక్కరికీ ఈ లెక్క కంఠతా వచ్చు. కానీ బయట ర్యాంపుల్లో, అంటే వ్యాపారులు కాయ కొని పోగేసే చోట్ల, కాయ మూడు, నాలుగు రూపాయలకు పోతోంది. ఓపిక నశించిన వాళ్లు వరుస నుంచి బండి తిప్పుకొని ర్యాంపుకు వెళ్లిపోయారు. తరువాత ఆ ర్యాంపు కాయే వేరే బండెక్కి ఫ్యాక్టరీకి చేరేదని వరుసలో అందరూ అనుకున్నారు. నేను కళ్లారా చూడలేదు, కానీ అది జరగకపోతేనే నాకు ఆశ్చర్యం.

రాత్రంతా కూర్చుని మర్నాడు కాటా ఎక్కాం. తూకం చీటీ చేతికిచ్చారు. బండి నంబరు ఉంది, మొత్తం బరువు, ఖాళీ బండి బరువు, నాసిరకం కాయకు తరుగు, నికర బరువు, అన్నీ ఉన్నాయి. ధర గడి ఖాళీ.

“ధర రాయలేదేమండీ?” అని అడిగాను.

“ధర తరువాత చెబుతారు సార్. ముందు బండి లోపలికి పోనివ్వండి, వెనకాల వాళ్లు ఆగుతున్నారు.”

“తరువాత అంటే?”

“మేనేజర్లు మాట్లాడుకుంటున్నారు.”

బావ నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. “నువ్వు గట్టిగా మాట్లాడితే తరుగు ఇంకో క్వింటాలు రాస్తారు. ఊరుకో” అన్నాడు. కాయ లోపలికి వెళ్లిపోయింది. అది ముక్కలై, గుజ్జై, డ్రమ్ములోకి ఎక్కే సమయానికి కూడా దాని ధర ఎంతో పండించినవాడికి తెలియదు. నెలలు గడిచాక ఫ్యాక్టరీ డబ్బు ఎనిమిది లెక్కన కాక అంతకంటే బాగా తక్కువగా వచ్చింది. ప్రభుత్వం ఇచ్చిన నాలుగు రూపాయలు వేరుగా పడ్డాయి. అవి మాత్రం పైసా తగ్గకుండా వచ్చాయని చెప్పాలి, న్యాయం న్యాయమే.

ఇప్పుడు మీ విలువ ప్రశ్నకు వద్దాం. నేను చెప్పిన 34 టన్నుల కాయను 12 రూపాయల లెక్కన కడితే నాలుగు లక్షల ఎనిమిది వేలు. ర్యాంపు ధర నాలుగు వేస్తే లక్షా ముప్పై ఆరు వేలు. ఒకే కాయ, ఒకే నెల, ఒకే మండలం. ఏది రాయమంటారు? కేంద్రం జూలైలో మార్కెట్ జోక్య పథకం కింద 1.62 లక్షల టన్నుల తోతాపురికి క్వింటాలు 1,490.73 రూపాయలుగా ధర ఖరారు చేసింది. గుణిస్తే 241 కోట్ల పైచిలుకు. వినడానికి ఎంత గంభీరంగా ఉందో చూడండి, చివర 73 పైసలతో సహా. కానీ ఆ పథకంలో ప్రభుత్వం కాయ కొనదు, ధరలో పడిన తేడాలో కొంత భర్తీ చేస్తుంది, అంతే. ఆ 1,490 రూపాయలు ఏ మండీలో ఎవరూ ఎవరికీ ఇవ్వలేదు.

ఇక్కడ ఒక చిన్న కోపం కూడా కక్కేస్తాను. హైదరాబాద్‌లో ఉండే మా చుట్టాలు ప్రతి పెళ్లిలోనూ బావకు ఒకే సలహా ఇస్తారు: “మీరే జ్యూస్ తీసి అమ్ముకోవచ్చు కదా.” అయ్యా, మీరు సీసాలో కొనే మామిడి డ్రింకులో పండు కనీసం 10 శాతం ఉంటే చట్టానికి చాలు. మిగతాది నీళ్లు, చక్కెర, ప్రకటనల్లో కనిపించే సినిమా తార. కిలో కాయ నుంచి అర కిలో గుజ్జు వస్తే ఆ లెక్కన అయిదు లీటర్ల డ్రింకు అవుతుంది. అయిదు లీటర్లకు మీరు ఎంత ఇస్తున్నారో సీసా మీద చూసుకోండి, అందులో మామిడి వాటా ఎంతో మీకే తెలుస్తుంది. పైగా అప్పట్లో గుజ్జు మీద 12 శాతం జీఎస్టీ.

మరో కోపం. అదే జూన్‌లో కర్ణాటక తోతాపురి చిత్తూరు జిల్లాలోకి రాకూడదని అధికారులు ఉత్తర్వు ఇచ్చారు. సరిహద్దు దగ్గర బండ్లు ఆపారు. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మన ముఖ్యమంత్రికి లేఖ రాశారు. అవతల శ్రీనివాసపురం వైపు రైతుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే, ఏళ్ల తరబడి కాయ తెచ్చింది చిత్తూరు ఫ్యాక్టరీలకే. మన రైతును కాపాడాలంటే ఫ్యాక్టరీ చీటీలో ధర గడి నింపించాలి. అది కష్టం, చెక్‌పోస్టు పెట్టడం సులువు. అందుకే సులువైనదే చేశారు.

కూరగాయల సంగతీ ఇంతే, ఇంకా వేగంగా జరుగుతుంది. 2023 జూలై చివర మదనపల్లెలో మొదటి రకం టమాటా కిలో రెండు వందల దాకా వెళ్లింది, టీవీల వాళ్లు లక్షాధికారి రైతుల ఇళ్ల ముందు క్యూ కట్టారు. సెప్టెంబరుకల్లా అదే టమాటా రాయలసీమ మార్కెట్లలో పది రూపాయల లోపు. ఆ ఏడాది టమాటా విలువను సగటు తీస్తే రైతులందరూ హాయిగా ఉన్నట్టే కనిపిస్తుంది. జూలైలో అమ్మినవాడూ సెప్టెంబరులో అమ్మినవాడూ ఒకే మనిషి కాదు కదా. అదనంగా మండీల్లో ‘జాక్‌పాట్’ అనే ఒక ఆచారం: నూరు క్రేట్లు తెస్తే కొన్ని క్రేట్లు ఊరికే ఇచ్చుకోవాలి. బత్తాయికి అయితే దాని పేరు ‘సూట్’, టన్నుకు క్వింటాలు దాకా పోతుంది. అనంతపురం వైపు అడగండి, పది నిమిషాలు ఆపకుండా తిడతారు. ఈ ఉచిత సరుకు కూడా రాష్ట్ర ఉత్పత్తి విలువలో చక్కగా కలిసి ఉంటుంది.

అన్నీ ఏడుపులే రాస్తున్నానని అనుకోకండి. రవాణా బాగుంటే ధర నిలబడుతుంది, దానికీ మన దగ్గరే రుజువుంది. 2020 జనవరి 30న తాడిపత్రి నుంచి 43 శీతల కంటైనర్లలో 890 టన్నుల అరటి రైల్లో ముంబై దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవుకు వెళ్లింది, అక్కడి నుంచి ఇరాన్‌కు. ఆ గెలలను తోటలోనే కవర్లు తొడిగి, దెబ్బ తగలకుండా దించి, కడిగి, పెట్టెల్లో సర్దారు. కొనేవాడు ముందే ఉన్నాడు, ధర ముందే కుదిరింది. అదే ఏడాది సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీ ఆదర్శ్ నగర్‌కు కిసాన్ రైలు కదిలింది. దక్షిణ భారతంలో అదే మొదటిది. ఆ రైళ్లకు కిరాయిలో సగం రాయితీ ఉండేది. రాయితీ ఉన్నంత కాలం రైలు గురించి అందరూ మాట్లాడారు. ఇప్పుడు మా వైపు మళ్లీ లారీ బ్రోకర్ చెప్పిందే కిరాయి. డీజిల్ ధర తగ్గినా అతని ధర తగ్గినట్టు నేను వినలేదు.

మీకు చదువు కోసమో ఉద్యోగ పరీక్ష కోసమో అంకెలు కావాలంటే, కేంద్ర వ్యవసాయ శాఖ ఏటా ఉద్యాన పంటల ముందస్తు అంచనాలు మొదటిది, రెండోది, తుది అని విడతలుగా ఇస్తుంది. తుది అంచనానే తీసుకోండి, మొదటిది మారిపోతుంది. ఎగుమతులకు వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడా లెక్కలు చూడండి. తాజా మామిడిని, గుజ్జును వేరువేరుగా చూడండి, కలిపితే తోతాపురి సంగతి అర్థం కాదు. తాజా మామిడి ఎగుమతి మన దేశపు దిగుబడిలో ఒక్క శాతం కూడా ఉండదు. విలువ అంకె వాడాల్సి వస్తే అది ఏ చోటి ధరో పక్కన తప్పనిసరిగా రాయండి.

మా బావ మాత్రం లెక్కల కోసం ఆగలేదు. కోత అయిపోయాక తోటలో ఒక పక్క చెట్ల కొమ్మలు కొట్టించి, వచ్చిన చిగుళ్లకు బంగినపల్లి అంటు కట్టించాడు. మూడేళ్లు పడుతుంది కాపుకు. ఊళ్లో ఇంకొంతమంది కూడా అదే పనిలో ఉన్నారు, అందరూ బంగినపల్లికే మారితే దాని ధర ఏమవుతుందని అడిగితే, “అప్పుడు చూద్దాంలే” అన్నాడు.