క్లినిక్‌లో పేషెంట్లకు బొమ్మలు గీసి చెబితే నిజంగా అర్థమవుతుందా?

అవుతుంది, కానీ ఏ బొమ్మ అన్నదే అసలు సంగతి. గోడకు వేలాడే రంగుల గుండె చార్టు చాలామందికి అలంకారమే. చీటీ వెనక పెన్నుతో గీసే నాలుగు గీతలు అంతకంటే బాగా పనిచేస్తాయి. మాటా బొమ్మా కలిసి సాగుతాయి, పైగా ఆ చీటీ ఇంటికి వెళ్తుంది.

విశాఖ ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి వచ్చిన పెద్దాయనకు బీపీ 140/90 అంటే రెండు అంకెలు, అంతే. రెండు గొట్టాలు గీయండి, ఒకటి మామూలుది, ఒకటి సన్నబడింది. "దీంట్లోంచి నీళ్లు తోడాలంటే మోటారు ఎంత కష్టపడాలి?" అని అడగండి. గుండె సంగతి ఆయనే అందుకుంటారు.

మాత్రలకు సూర్యుడు, చంద్రుడు మామూలే. అయితే సగం సూర్యుణ్ణి గీస్తే పొద్దుటా సాయంత్రమా అని తికమక. మన ఊళ్లో దానికి తేలిక దారుంది: పొద్దుటి సూర్యుణ్ణి సముద్రం మీద గీయండి, ఎవరూ పొరబడరు.

చివర్లో "అర్థమైందా?" అనకండి, అందరూ తలూపుతారు. చీటీ వాళ్ల చేతికిచ్చి, "ఇంట్లో అమ్మాయికి ఎలా చెబుతారో నాకోసారి చెప్పండి" అనండి. ఎక్కడ తడబడితే అక్కడ బొమ్మ మార్చాలి.