బ్రేక్ పెడల్ నేలకు దిగిందా, గట్టిగా నిలిచిందా? ముందు అది తేల్చండి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, ఐటీ ఉద్యోగం. కాలేజీ రోజుల నుంచి కలగన్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ట్రాక్ డేకు (రేసు ట్రాక్ మీద సొంత కారు తోలుకునే రోజు) వెళ్దామని నగరంలోని ఒక కార్ల షెడ్డులో ‘ఫుల్ ట్రాక్ ప్రెప్’ చేయించి, 2024 నవంబర్ 20న 3,86,000 రూపాయలు కట్టాను. డిసెంబర్ 8న శ్రీపెరంబుదూర్ దగ్గరి ట్రాక్‌లో రెండో సెషన్‌లో పెడల్ కాస్త మెత్తగా అనిపించింది. మూడో సెషన్‌లో స్ట్రెయిట్ చివర బ్రేక్ తొక్కితే పెడల్ నేలకు అంటుకుపోయింది. కారు కంకర దాటి టైర్ల గోడను గుద్దింది. దేవుడి దయవల్ల నాకు దెబ్బలేమీ తగల్లేదు. రిపేరు అంచనా 11,40,000. అందులో నాన్న రిటైర్మెంట్ డబ్బు ఇరుక్కుపోయింది, ఇంట్లో ఏడాదిగా నాతో సరిగ్గా మాట్లాడేవాళ్లు లేరు. షెడ్డు ఓనరు మొదట ‘చూద్దాం అన్నా’ అన్నాడు, ఇప్పుడు ‘నువ్వు తోలిన తీరుకు నాదా బాధ్యత?’ అంటున్నాడు. కారు ఇంకా అతని షెడ్డులోనే ఉంది. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు మీద కుక్క అడ్డొచ్చి డివైడర్‌ను గుద్దానని ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టమని, మిగతాది తాను చూసుకుంటానని కూడా అతనే చెబుతున్నాడు. నాకు న్యాయం జరుగుతుందా? — పేరు వద్దు, కొండాపూర్

జవాబు: మీ ఉత్తరంలో సగం కల గురించి, పావు ఇంటి గురించి. కేసును తేల్చేది మిగిలిన పావులో ఉన్న ఒక్క వాక్యం: పెడల్ నేలకు అంటుకుపోయింది. నేను దాని గురించే మాట్లాడతాను. నాన్నగారి డబ్బు ఎంత ఇరుక్కుందన్నది వినియోగదారుల కమిషన్‌కు అనవసరం.

మీరు వేగంగా తోలారా లేదా అన్నది కూడా అసలు ప్రశ్న కాదు. ట్రాక్ కోసమని డబ్బు తీసుకున్నవాడు, ట్రాక్‌లో వేగంగా తోలారని తర్వాత తప్పుపట్టలేడు. ఏ బ్రేక్ ఆయిల్ పోస్తానని డబ్బు తీసుకున్నాడు, ప్రమాదం నాడు క్యాలిపర్లలో (చక్రం దగ్గర బ్రేక్ ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాల్లో) ఏ ఆయిల్ ఉంది? ఈ రెండింటికీ తేడా ఉందని చూపగలిగితే అది సేవాలోపం. చూపలేకపోతే మీ కష్టం ఎంత నిజమైనా ఫిర్యాదు నిలవదు.

బ్రేకులు వేడికి రెండు రకాలుగా చేతులెత్తేస్తాయి. పెడల్ కాలికి గట్టిగానే తగులుతూ కారు మాత్రం ఆగకపోతే, ప్యాడ్లు వేడెక్కి పట్టు వదిలేశాయని అర్థం. పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతే, క్యాలిపర్‌లో ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పట్టాయని, లేదా బ్లీడింగ్ (గొట్టాల్లోని గాలిని బయటికి తీసే పని) సరిగ్గా చేయక గాలి మిగిలిందని, లేదా ఎక్కడో లీకైందని అర్థం. ఆయిల్ ఒత్తిడికి నలగదు, ఆవిరి నలుగుతుంది. మీరు తొక్కిన బలమంతా బుడగలను నలపడానికే పోతుంది, ప్యాడ్ దాకా చేరదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 (కార్లలో సాధారణంగా పోసే రకం) కొత్త ఆయిల్ మరిగే స్థానం ప్రమాణం ప్రకారం కనీసం 230 డిగ్రీలు, తేమ పట్టాక ఆ కనీసం 155కు పడిపోతుంది. అవుటర్ మీద 120లో పోయే కారుకు ఆ పాత ఆయిల్‌తోనూ నడిచిపోతుంది, ఎందుకంటే రెండు బ్రేకుల మధ్య చల్లారే తీరిక ఉంటుంది. ట్రాక్‌లో ఆ తీరిక లేదు. అందుకే 300 డిగ్రీలు దాటినా మరగని రేసింగ్ ఆయిల్ పోయిస్తారు.

మీరు పంపిన కాగితాలు చూశాను. నవంబర్ 14 నాటి వాట్సాప్ కొటేషన్‌లో ‘బ్రేక్ ఆయిల్ రేసింగ్‌ది, 1 లీటర్, ఫుల్ ఫ్లష్’ (పాతదంతా తీసి కొత్తది పోయడం) అని అతనే రాశాడు. ఆరు రోజుల తర్వాతి బిల్లులో మాత్రం ‘బ్రేక్ వర్క్, లంప్‌సమ్, 92,000’ అని ఒక్క ముక్క. కంపెనీ పేరు లేదు, పార్ట్ నంబర్ లేదు, ఖాళీ సీసా ఇవ్వలేదు, తీసేసిన పాత ప్యాడ్లు మీరూ అడగలేదు. దాదాపు నాలుగు లక్షలు కట్టేవాడు, కిరాణా కొట్లో తీసుకున్నపాటి వివరం కూడా తీసుకోలేదు. ఆ వాట్సాప్ కొటేషన్ ఉండబట్టి బతికిపోయారు.

అదే చాట్‌లో ప్రమాదం నాటి సాయంత్రం మీరు అతనికి పెట్టిన మెసేజ్ ఉంది: ‘ప్యాడ్స్ ఫేడ్ అయ్యాయనుకుంటా బ్రో’. అవతలి వకీలు మొదట చదివి వినిపించేది అదే. పెడల్ నేలకు దిగిందని ఇప్పుడు కమిషన్ ముందు చెబుతారు, ఆ రోజు ప్యాడ్ల పేరు చెప్పారు, ఫేడ్ అంటే వేడికి ప్యాడ్లు పట్టు వదలడమే. రెండూ ఒకటి కావు. మీరు మెకానిక్ కాదు, ఊహించి రాశారు అని అఫిడవిట్‌లో ముందే చెప్పేయండి. కాలికి ఏమనిపించిందో అది మాత్రమే మీ సాక్ష్యం, కారణం చెప్పడం నిపుణుడి పని.

ఇక అసలు తిట్టాల్సిన సంగతి. పదిహేను నెలలుగా కారును ఎవరి మీద ఫిర్యాదు చేయాలో వాడి దగ్గరే ఉంచారు. అతను దొంగని నేననడం లేదు, కానీ మీరు చేసింది మాత్రం దొంగ చేతికి తాళాలిచ్చిన పనే. నిపిల్ (క్యాలిపర్ మీద ఆయిల్ బయటికి వదిలే చిన్న మర) విప్పి కొత్త ఆయిల్ పోయడానికి ఒక్క పూట చాలు. అందుకని ముందు కారు బయటికి, తర్వాతే నోటీసు. క్రమం తారుమారు చేయకండి. పార్కింగ్ బాకీ అంటూ కారు ఆపితే, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ప్రకారం పనిచేసి బాగుచేసిన వస్తువును ఆ పని కూలీ కోసమే ఆపుకునే హక్కు ఉంటుంది, ఊరికే నిలబెట్టినందుకు కాదు. అయినా అక్కడ వాదనకు దిగవద్దు. ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి, రసీదు తీసుకుని, కారును ఫ్లాట్‌బెడ్ ఎక్కించండి. ఎక్కించేటప్పుడు ఓడోమీటరు, నాలుగు చక్రాలు, ఆయిల్ డబ్బా మట్టం, బానెట్ కింద అంతా ఆపకుండా ఒకే వీడియో తీయండి.

తర్వాత నోటీసులో ఒక తేదీ, చోటు చెప్పి, లైసెన్సున్న మోటారు సర్వేయర్ సమక్షంలో బ్రేకులు విప్పుతున్నామని, వచ్చి చూసుకోమని పిలవండి. రాకపోతే రాలేదని సర్వేయర్ రాసుకుంటాడు. ఆ రోజు ఆయిల్ నమూనాను బానెట్ కింది డబ్బాలోంచి తీయవద్దు. మోసం జరిగి ఉంటే పైపైన డబ్బాలో కొత్తది పోసి ఉంటారు, క్యాలిపర్‌లో పాతదే ఉంటుంది. ముందు చక్రాల నిపిల్ వదులు చేయగానే వచ్చే మొదటి 30, 40 మిల్లీలీటర్లే అసలు సాక్ష్యం. ఒక్కో చక్రానికి వేరే చిన్న గాజు సీసా, గాలి మిగలకుండా అంచుదాకా నింపి, మూత మీద సీలు, సంతకాలు. ల్యాబ్ పరీక్షకు కమిషన్ ద్వారానే పంపమని అడగండి, వినియోగదారుల చట్టం సెక్షన్ 38లో ఆ వీలుంది.

అయితే ఒక్క ఆయిల్ మీదే ఆశ పెట్టుకోవద్దు. పదిహేను నెలలు నిలబడిన కారులో తేమ కొంత చేరుతుంది, అవతలివాడు ఆ మాటే పట్టుకుంటాడు. కాలానికి మారని సాక్ష్యం ఇనుములో ఉంది. ప్యాడ్ వెనక రేకు మీద కంపెనీ, పార్ట్ నంబర్ అచ్చయి ఉంటాయి. కొటేషన్‌లో రాసిన ట్రాక్ ప్యాడ్లా, మామూలువా అన్నది ఒక్క చూపులో తేలుతుంది. స్టీల్ అల్లిక గొట్టాలు వేస్తానన్నచోట రబ్బరు గొట్టాలే ఉంటే ఫొటో చాలు. నిపిల్ షట్కోణం అంచుల మీద పానా పట్టిన గుర్తు లేకుండా, మరల దగ్గర పాత మట్టి చెదరకుండా గట్టిపడి ఉంటే, ఆ చక్రానికి బ్లీడింగే జరగలేదు. ఇవన్నీ విప్పకముందే, స్కేలు పక్కన పెట్టి దగ్గరగా ఫొటోలు తీయించండి.

ఫోన్, గోప్రో కార్డు అసలువి అసలుగా దాచండి. పాట కలిపి పెట్టిన రీల్ సాక్ష్యానికి పనికిరాదు. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద రెండు భాగాల సర్టిఫికెట్ జతచేయాలి: ఒక భాగం మీది, రెండోది నిపుణుడిది, ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువతో సహా. కమిషన్లు సాక్ష్య చట్టాన్ని అక్షరాలా పట్టించుకోకపోయినా, అది లేకపోతే వాదన పెరుగుతుంది.

గడువు సంగతి. వినియోగదారుల చట్టం సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. ప్రమాదం తేదీ నుంచి లెక్కించవచ్చని వాదించే వీలుంది, కానీ ఆ వాదన మీద కేసు నిలబెట్టుకోకండి. బిల్లు తేదీ నుంచే లెక్కపెట్టండి: 2026 నవంబర్ 19 లోపు ఫిర్యాదు దాఖలై ఉండాలి. నోటీసు పంపితే గడువు ఆగదు. ‘చూద్దాం అన్నా’ అన్న మాటకూ ఆగదు. ఆలస్యాన్ని మన్నించమనే దరఖాస్తు ఉంది, కానీ దానికి సరైన కారణం చూపాలి, ఓనరు మంచి మాటలు నమ్మానన్నది బలమైన కారణం కాదు. ఈ దారి మూసుకుపోతే కాంట్రాక్టు ఉల్లంఘన మీద సివిల్ కోర్టులో మూడేళ్ల గడువుంటుంది. అక్కడ కోర్టు ఫీజు, సంవత్సరాలు రెండూ ఎక్కువ.

ఇప్పుడు ఆ కుక్క కథ. వద్దు. దాదాపు అన్ని ప్రైవేటు కార్ల పాలసీల్లో, వాడకం పరిమితుల కింద, ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్‌లకు కవరు లేదని ఉంటుంది. ట్రాక్ డే రేసు కాదు కదా అని వాదించే సందు కొంత ఉందేమో గానీ, పదిహేను నెలలు కంపెనీకి కబురే చేయని మీకు ఆ సందూ ఇరుకే. అవుటర్ అని రాస్తే అది వాదన కాదు, నేరం. మోసంతో డబ్బు రాబట్టడానికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318(4) కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది, ప్రయత్నించినా తప్పించుకోలేరు. దొరకడం కూడా తేలిక: కారు అడుగున ఇరుక్కున్న కంకర, బంపర్ మీద టైర్ల నల్ల చారలు, శ్రీపెరంబుదూర్ నుంచి తెచ్చిన ఫ్లాట్‌బెడ్ బిల్లు, తోలుకెళ్లిన రోజు నెల్లూరు దాటి చెన్నై వైపు వెళ్లిన ఫాస్టాగ్ టోల్ లెక్క. ఇంకోటి గమనించారా? ఆ కథ మీద మీరు సంతకం పెట్టిన క్షణం అతని మీద మీ కేసు చచ్చిపోతుంది. ఒక కాగితంలో ట్రాక్, ఇంకో కాగితంలో అవుటర్. ఆ సలహా ఎవరి మేలు కోసమో ఇప్పుడు అర్థమవుతుంది.

మీ కేసులో బలహీనత ఎక్కడుందో కూడా చెప్పాలి. రెండో సెషన్‌లో పెడల్ మెత్తబడిందని మీరే రాశారు. అప్పుడే పిట్‌లోకి వచ్చి, చక్రాలు చల్లారాక, ఎవరిచేతైనా బ్లీడింగ్ చేయించి, పెడల్ గట్టిపడితేనే మళ్లీ దిగాల్సింది. ఆవిరి పట్టిన ఆయిల్ చల్లారితే పెడల్ మళ్లీ బాగున్నట్టే ఉంటుంది, తిరిగి వేడెక్కగానే మోసం చేస్తుంది. సెషన్ చివర బ్రేకులు వాడకుండా ఒక ల్యాప్ మెల్లగా తిరిగారా? దీనిమీద ప్రశ్న వస్తుంది. నిజం దాచవద్దు, మీ గోప్రో వీడియోలోనే దొరుకుతుంది. ఇందువల్ల పరిహారం తగ్గవచ్చు, కేసు మాత్రం పోదు. ట్రాక్ దగ్గర మీరు సంతకం చేసిన బాధ్యత రద్దు పత్రం నిర్వాహకులకు, మీకు మధ్యది. షెడ్డు ఓనరు దాని చాటున దాక్కోలేడు.

ఫిర్యాదు ఎక్కడ అంటే, చట్టం చూసేది నష్టం మొత్తాన్ని కాదు, సేవకు కట్టిన మొత్తాన్ని. 3,86,000 కాబట్టి జిల్లా కమిషన్. కొండాపూర్ వాసి కాబట్టి రంగారెడ్డి జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, ప్రమాదం తమిళనాడులో జరిగినా సరే. 5 లక్షల లోపు చెల్లింపుకు ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో వేయవచ్చు. నోటీసు అందాక అవతలివాడికి జవాబుకు 30 రోజులు, మహా అయితే మరో 15. అంతకుమించి ఇవ్వడానికి వీల్లేదని 2020 మార్చి 4న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అడగాల్సినవి: బ్రేక్ పని తాలూకు 92,000 వాపసు, రిపేరు ఖర్చు, వడ్డీ, ఖర్చులు. 11,40,000 అన్నది అంచనా మాత్రమే, సర్వేయర్ నష్టం లెక్క లేదా అసలు రిపేరు బిల్లు కావాలి. మానసిక వేదనకు ఇరవై లక్షలు అని రాసి ఫిర్యాదును పలచన చేయకండి.

చివరగా, ఎగ్జాస్ట్, సస్పెన్షన్ కూడా మార్పించినట్టు ఆ బిల్లులోనే ఉంది. ప్యాడ్లు, ఆయిల్ మార్చడం అరిగిన సామాను మార్చడమే, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎగ్జాస్ట్, సస్పెన్షన్ సంగతి వేరు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కు విరుద్ధమైన మార్పులకు సెక్షన్ 182ఏ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రిపేరు అయ్యాక కారును రోడ్డెక్కించే ముందు పాత కంపెనీ సామాను తిరిగి వేయించండి. అది కూడా ఆ షెడ్డులోనే మిగిలి ఉంటే, కారు తీసుకునే రోజే జాబితా రాసి సంతకం చేయించుకుని తెచ్చుకోండి.