గోడ ఆరాక రంగు మాట

తిరుపతి

చిరంజీవి నాయనకు,

పెద్దమ్మ ఆశీస్సులు.

షేడ్ కార్డుల ఫోటోలు అందాయి. కోడలికి పిస్తా ఆకుపచ్చ, నీకు బూడిద రంగు నచ్చాయనీ, ఎవరి మాట నెగ్గాలో నన్నే తేల్చమనీ రాశావు. తేలుస్తాను గానీ, ముందు ఒకటి చెప్పు. పేరూరులో మీ కొత్త ఇంటి లోపలి సిమెంటు పూతపని కార్తీకంలో, వానల మధ్య కదా ముగిసింది? గృహప్రవేశం ముహూర్తమేమో మాఘంలో. మధ్యలో గోడలకు నీళ్ళు కొట్టిన రోజులు తీసేస్తే, అవి ఆరడానికి ఎన్నాళ్ళు మిగిలాయో లెక్క వేశావా?

మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి నీకు తెలుసు. అలాంటి కాలంలో కట్టిన గోడ పైకి ఆరినట్టే కనిపిస్తుంది, లోపల ఇటుక మాత్రం నీళ్ళు తాగి కూర్చుంటుంది.

ఈ తప్పు నేను చేసినదాన్నే. కొర్లగుంటలో ఇల్లు కట్టినప్పుడు ముహూర్తం తరుముకొస్తోందని పూత ముగిసిన పన్నెండో రోజునే రంగు వేయించాం. గృహప్రవేశం నాడు అందరూ మెచ్చుకున్నారు. మూడు నెలలు తిరిగేసరికి పడమటి గోడ అడుగున రంగు అప్పడంలా ఉబ్బింది. వేలితో నొక్కితే పెళుక్కున విరిగి, వెనక నుంచి తెల్లటి ఉప్పు పొడి రాలింది. కాంట్రాక్టరు రంగు కంపెనీని తిట్టాడు. పాపం, రంగు ఏం చేస్తుంది? కొత్త సిమెంటులో సున్నపు ఘాటు ఉంటుంది. లోపలి తడి బయటికి వస్తూ ఉప్పును కూడా మోసుకొస్తుంది, దారిలో అడ్డం ఉన్న రంగును తోసేస్తుంది.

కనీసం 28 రోజులు ఆగాలి. వానలు పడితే ఇంకా ఎక్కువ. అనుమానం తీరాలంటే రెండడుగుల పాలిథిన్ కాగితం గోడకు ఆనించి, నాలుగు అంచులూ టేపుతో మూసి, ఒక రోజంతా వదిలెయ్. మర్నాడు దాని వెనక ఆవిరి చుక్కలు కనిపిస్తే పెయింటరును వెనక్కి పంపించు. కింది భాగంలో, బాత్‌రూమును ఆనుకున్న గోడల్లో తప్పకుండా చూడు. ముహూర్తానికి ఆరకపోతే తెల్ల సిమెంటు లప్పం వరకే చేయించి పాలు పొంగించండి. తెల్లటి ఇంట్లో పాలు పొంగవా? రంగులు ఎండాకాలంలో వేసుకోవచ్చు. సామాన్లు జరుపుకోవడం కష్టమే, కానీ ఊడిన గోడ గీకించడం అంతకు పదింతల కష్టం.

లప్పం రెండు కోట్లు పెట్టి గరుకు కాగితంతో రుద్దాక, రాత్రిపూట ఫోను లైటు గోడకు ఆనించి పక్కవాటుగా వెయ్యి. పగలు అద్దంలా కనిపించిన గోడ మీద మిట్టపల్లాలన్నీ నీడలతో లేస్తాయి. వాటిని సరిచేయించాకే ప్రైమరు, అంటే రంగుకు ముందు వేసే అడుగు పూత. రంగులో నీళ్ళు కలిపేటప్పుడు పక్కనే నిలబడు, డబ్బా మీద రాసిన కొలత దాటనివ్వకు. ఇంకో మాట, కొన్ని డబ్బాల్లో పెయింటర్లకు లాభం తెచ్చే టోకెన్లు ఉంటాయి. అతను ఫలానా డబ్బానే కావాలని పట్టుబడితే నవ్వి ఊరుకో, ఎంపిక మాత్రం నీది.

ఇక మీ తగాదా. కార్డు మీద అంగుళం ముక్కను చూసి తేల్చవద్దు. నాలుగు గోడలకూ వేశాక ఒకదాని రంగు ఇంకోదాని మీద పడి, కార్డులో కంటే ముదురుగా కనిపిస్తుంది. చిన్న శాంపిల్ డబ్బా తెచ్చి, ఒక మూలలో రెండు గోడలకూ రెండడుగుల మేర రెండు కోట్లు వేయించి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి చూడండి. బల్బులు ముందే కొనండి. తెల్ల బల్బు కింద బూడిద రంగు నీలిగా తిరుగుతుంది, పసుపు బల్బు కింద పిస్తా మురికిగా మారుతుంది.

హాలుకు మీ ఇద్దరి మాటా వద్దు. కోడలి పుట్టింటివారు ఇస్తున్న శ్రీకాళహస్తి కలంకారీ అక్కడే కదా వేలాడేది? బెల్లం, ఇనుప ముక్కలు ఊరబెట్టి తీసిన ఆ నలుపు, పక్కనే ఆ ఎరుపు మీగడ రంగు గోడ మీదే నిలబడతాయి. పచ్చ గోడ మీద ఆ ఎరుపు కొట్లాటకు దిగుతుంది. పిస్తా పడమటి పడకగదికి వేయండి, సాయంత్రం ఎండ పడే గదిలో కంటికి చల్లగా ఉంటుంది. కిటికీలోంచి కొండ కనిపించే ఉత్తరపు గదికి మాత్రం బూడిద రంగు వద్దు. అక్కడ నేరుగా ఎండ పడేది తక్కువ, ఎప్పుడూ ముసురు పట్టినట్టే ఉంటుంది. దానికి లేత గంధం వెయ్. అంత ముచ్చటగా ఉంటే నీ కంప్యూటరు గదిలో ఒక్క గోడకు బూడిద వేసుకో.

సీలింగుకు మెరుపు లేని తెలుపు, అందులో చర్చ లేదు. హాలుకు, పడకగదులకు కడగడానికి వీలైన, మెరుపు లేని మ్యాట్ ఎమల్షన్ (నీళ్ళు కలిపే రంగు) చాలు. మ్యాట్ గోడలోని లోపాలను దాస్తుంది, మెరిసేది వాటికి చాటింపు వేస్తుంది. వంటింటికి, దేవుడి గదికి మాత్రం కొద్దిగా మెరిసే శాటిన్. పోపు జిడ్డయినా, కర్పూరం మసి అయినా తడిగుడ్డతో తుడిస్తే పోవాలి. తలుపులకు, గ్రిల్స్‌కు ఎనామిల్ (ఆయిల్ పెయింటు).

నున్నటి గోడ మీద లీటరు రంగు రెండు కోట్లకు సుమారు 60 నుంచి 70 చదరపు అడుగులకు వస్తుంది. ఒక గదికి కావలసిందంతా ఒకేసారి కలిపించు, మళ్ళీ కలిపిస్తే ఛాయ తేడా రావచ్చు. మిగిలింది సీసాలో పోసి, షేడు నంబరు వంటింటి అలమర తలుపు లోపల పెన్సిలుతో రాసి పెట్టు. పిల్లవాడు సైకిలుతో గోడ గీకిన రోజున వెతుక్కోవాల్సిన పని ఉండదు.

పాలిథిన్ పరీక్ష చేసి ఫోను చెయ్యి.

మీ పెద్దమ్మ