తాత చనిపోయే సీను గురించి

బుజ్జీ,

మీరు చేస్తున్న గేమ్‌లోంచి నువ్వు పంపిన వీడియో రాత్రి మూడుసార్లు చూశాను. నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. వరద గోదారి రంగు బాగా కుదిరింది, అచ్చం ఆ ఎర్రమట్టి చిక్కదనమే. పడవ ఊగడం కూడా బాగుంది. కానీ తాత చనిపోయే చోట నాకు ఏడుపు రాలేదు. మూడో దగ్గు దగ్గరికొచ్చేసరికి, కోప్పడకు, నవ్వొచ్చింది. మన పాత సినిమాల్లో గుండెలో తూటా దిగినవాడు చెల్లెలి పెళ్ళి గురించి, పొలం కాగితాల గురించి, హంతకుడి పేరు గురించి అన్నీ చెప్పాకే తల వాల్చేవాడు చూడు, అది గుర్తొచ్చింది.

ఈ గేమ్ కోసం మీ ముగ్గురూ ఎంత నిద్ర మానుకున్నారో మీ అమ్మ చెప్పింది. ఇరవై రెండేళ్ళు కట్‌సీన్లు, అంటే ఆట మధ్యలో సినిమాలా వచ్చే సీన్లు, చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు నా పరువు పోయిన సంగతి. నేను పనిచేసిన స్టూడియోకి ఒక విదేశీ గేమ్ పని వచ్చింది. హీరో తల్లి చనిపోయే సీను నా చేతిలో పెట్టారు. ఆరు వారాలు దానిమీదే కూర్చున్నాను. వాన, చెంప మీద జారే చుక్క, కంటిపాపలో దీపం వెలుగు, ఏదీ వదల్లేదు. టెస్టింగ్ రోజు పదహారేళ్ళ కుర్రాడొకడు ఆడాడు. సీను మొదలవగానే కంట్రోలర్ ఒళ్ళో పడేసి, నీళ్ళ సీసా మూత తిప్పుకుంటూ, "ఈవిడెవరు?" అన్నాడు.

ఒళ్ళు మండింది. ఇంటికెళ్ళాక ఆలోచిస్తే వాడిదేం తప్పనిపించింది. అప్పటిదాకా ఆటలో ఆవిడ కనబడింది ఒక్కసారి, అదీ గోడమీది ఫోటోలో. ఆవిడ కోసం వాడి వేళ్ళు చేసిన పని ఒక్కటీ లేదు.

అందుకే కెమెరా గురించీ లైటింగ్ గురించీ అడగను. తాతతో ఆడేవాళ్ళు ఎంతసేపు ఉంటారు? ఉండి ఏం చేస్తారు?

1997 నాటి ఫైనల్ ఫాంటసీ 7 తీసుకో. హీరో జట్టులోని ఏరిత్ మోకాళ్ళ మీద ప్రార్థనలో ఉంటుంది, విలన్ సెఫిరోత్ పైనుంచి దిగి కత్తి దించుతాడు. ఆ ఆటలో మాటలకి గొంతు లేదు, అన్నీ డబ్బాలో అక్షరాలే. మామూలుగా నడిచే బొమ్మల చేతులైతే చెక్కముక్కల్లా ఉంటాయి. అయినా అప్పట్లో ఆడినవాళ్ళు ఇప్పటికీ ఆ సీను పేరెత్తితే మెత్తబడతారు. ఏరిత్ జట్టులో గాయాలు మాన్పే మనిషి. ఆమె లెవెల్ పెంచడానికి, మంచి ఆయుధం కొనడానికి గంటలు ఖర్చుపెట్టి ఉంటారు. ఆ తర్వాత జట్టు మెనూ తెరిస్తే ఆమె ఉండదు. ఇంట్లో మనిషి పోయాక అలవాటు చొప్పున ఒక కంచం ఎక్కువ పెట్టేస్తాం చూడు, ఆ మెనూ తెరవడం అలాంటిదే.

దాంట్లో ఇంకో రెండు సంగతులు గమనించు. ఆమె జుట్టు ముడిలోంచి తెల్లటి మెటీరియా, అంటే ఆ ఆటలో మంత్రశక్తి ఉన్న గోళీ, జారి, ఠంగు ఠంగుమంటూ మెట్లమీద ఎగిరెగిరి నీళ్ళలో పడుతుంది. ఏడుపు కన్నా ఆ చప్పుడే ఎక్కువ గుర్తుంటుంది. వెంటనే బాస్ ఫైట్, అంటే పెద్ద శత్రువుతో పోరాటం, వస్తుంది. ఏ ఆటలోనైనా అక్కడ దరువు మొదలవ్వాలి. ఆ ఆట సంగీత దర్శకుడు నొబువో ఉఎమాత్సు కట్టిన ఏరిత్ బాణీయే ఇక్కడ ఫైట్ పొడుగునా మోగుతుంది. చర్చిలో ఆమె పూల దగ్గర విన్న పాట కూడా దానికి చుట్టమే, అందుకే అది చెవికి కొత్తగా తగలదు. నువ్వు ఆఖర్లో వాడిన వయొలిన్ ముక్క అంతకుముందు ఆటలో ఎక్కడా లేదు. దాన్ని మొదటి లెవెల్లో తాత తెడ్డు వేస్తూ కూనిరాగంగా తీయనివ్వు. చివర్లో వయొలిన్ లేకపోయినా నడుస్తుంది.

ద లాస్ట్ ఆఫ్ అస్ (2013) మొదలు మళ్ళీ ఒకసారి ఆడు. పుట్టినరోజుకి సారా వాళ్ళ నాన్న జోయెల్‌కి వాచీ ఇస్తుంది. జోయెల్ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, ఆగిపోయినట్టుందే అని ఆట పట్టిస్తాడు. పిల్ల కంగారుపడి చూసి, తర్వాత మూతి తిప్పుకుంటుంది. ఆ రాత్రే సైనికుడి తూటాకి సారా చనిపోతుంది. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా జోయెల్ చేతికి అదే వాచీ, ఈసారి నిజంగానే ఆగిపోయి. దాని గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. ఇంకోటి, ఆ ఇంట్లో మొదట మనం సారాగానే తిరుగుతాం. తర్వాతే జోయెల్‌గా మారి, కాలు విరిగిన ఆ పిల్లని ఎత్తుకుని పరిగెడతాం. చేతుల్లో పిల్ల ఉంది కాబట్టి పరుగు తప్ప ఇంకేమీ చేయలేం. కట్‌సీన్ వచ్చేసరికి బరువు మోసింది మనమే.

ఇక బటన్ల సంగతి. ఆఖర్లో "తాత చేయి పట్టుకో" అని బటన్ పెట్టావు. ఇక్కడ జాగ్రత్త. మెటల్ గియర్ సాలిడ్ 3 (2004) చివర్లో తెల్ల పూల మైదానం ఉంటుంది. హీరో స్నేక్ తనకి విద్య నేర్పిన గురువుని, ద బాస్ అనే ఆవిడని, ఓడించాడు, ఆమె నేలమీద ఉంది, తుపాకి అతని చేతిలో ఉంది. ట్రిగ్గర్ నొక్కాల్సింది మనం. చాలామంది వేలు బటన్ మీద పెట్టి అలాగే ఉండిపోయారు. 2014లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ: అడ్వాన్స్డ్ వార్‌ఫేర్‌లోనూ స్నేహితుడి శవపేటిక దగ్గర బటన్ పెట్టారు, నివాళికి ఎఫ్ నొక్కండి అని. లోకమంతా నవ్వింది. ఇప్పుడు ఎవరైనా గేమ్ ఓడిపోతే మన పిల్లలు చాట్‌లో ఎఫ్ కొడుతున్నది దాని పుణ్యమే. రెండుచోట్లా ఒక్క బటనే. మొదటిదాంట్లో నొక్కితే ఒక ప్రాణం పోతుంది, నొక్కడానికి మనసొప్పదు. రెండోదాంట్లో నొక్కినా కథలో మారేదేమీ లేదు. నీ బటన్ ఇప్పుడు రెండో రకం.

మరేం చేయాలి? మీ ఆటలో నాకు బాగా నచ్చింది లాంతరు. ప్రతి రేవులోనూ బటన్ నొక్కితే తాత లాంతరు ఎత్తి పట్టుకుంటాడు, మనవరాలు తాడు కట్టేస్తుంది. దాన్ని పదిసార్లైనా చేయించు, విసుగొచ్చినా ఫర్వాలేదు. తాత పోయాక వచ్చే మొదటి రేవులో అదే బటన్ నొక్కనివ్వు. వెలుగు రాదు. రెండోసారి నొక్కితే ఆ పిల్లే ఒక చేత్తో లాంతరు పట్టుకుని, రెండో చేత్తో తాడు కట్టడానికి తంటాలు పడాలి. ఇది నా సొంత తెలివి కాదులే. 2013లో వచ్చిన బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్‌లో కంట్రోలర్ మీద అన్నకి ఎడమ స్టిక్కు, తమ్ముడికి కుడి స్టిక్కు. అన్న పోయాక, నీళ్ళంటే భయపడే తమ్ముడు ఏరు దాటాలంటే అన్న బటన్ నొక్కాలి. మనుషులు మాట్లాడే భాష కూడా కల్పించిందే, ఒక్క ముక్క అర్థం కాదు. అయినా ఆ బటన్ అర్థమవుతుంది.

తాత డైలాగు పదకొండు వాక్యాలుంది. ఒక్కటి ఉంచు, "తాడు సరిగ్గా కట్టావా?" అన్నది. అది రోజూ అనేదే కదా. ముఖం దగ్గరికి కెమెరా తీసుకెళ్ళకు. పెదాలు కదిలించడం పెద్ద స్టూడియోలకే తలనొప్పి, మీ ముగ్గురికి ఇప్పుడు చేతకాదు. వెనకనుంచి వీపు చూపించు, తెడ్డు మీద ఆగిన చేయి చూపించు. మొత్తం తొంభై సెకన్లు దాటకూడదు. ముందు బొమ్మల బదులు బూడిదరంగు డబ్బాలు పెట్టి, నీ గొంతుతోనే డబ్బింగ్ చెప్పి, ఫోన్లో రికార్డ్ చేసి చూసుకో. డబ్బాలతో కదలని సీను వానా లైట్లూ పెట్టినా కదలదు.

సీను చూడకుండా దాటేసే స్కిప్ బటన్ పెట్టు. అహం అడ్డొస్తుంది, తెలుసు, నాకూ వచ్చింది. కష్టమైన లెవెల్‌కి ముందు తాత చావు పెట్టి, ఓడినప్పుడల్లా మళ్ళీ చూడమంటే ఆరోసారికి తాతని తిడతారు. చెక్‌పాయింట్, అంటే ఓడాక ఆట మళ్ళీ మొదలయ్యే చోటు, సీను తర్వాత పెట్టు. సబ్‌టైటిల్స్ అక్షరాలు పెద్దవి చెయ్యి, నా కళ్ళద్దాల కోసమైనా. అన్నట్టు, తాత కళ్ళు మూసిన క్షణంలోనే మూలన "అచీవ్‌మెంట్ సాధించారు" అని కప్పు బొమ్మ ఎగిరొచ్చింది. దాన్ని తర్వాతి లెవెల్లోకి తోసెయ్, మహాతల్లీ.

ఇంకోసారి వీడియో పంపకు. మొదటి రేవునుంచి ఆడుకునేలా బిల్డ్, అంటే ఇప్పటిదాకా తయారైన గేమ్, పంపు. కంట్రోలర్ మొన్న పక్కింటి పిల్లాడు పట్టుకెళ్ళాడు, ఆదివారం లోపల తెప్పించి పెట్టుకుంటాను.

మీ మావయ్య