శబ్దం సంగతులు: హరికథ క్యాసెట్లకి 192 కిలోహెర్ట్జ్ కావాలా?

ప్రశ్న: మా మామగారు హరిదాసు. 1980లలో భీమిలి, చోడవరం వైపు ఆయన చెప్పిన కథల్ని ఇంట్లోవాళ్లు టేప్ రికార్డర్‌లో ఎక్కించారు. అవి ఒక పెట్టెడు ఉన్నాయి. డిజిటల్ చేయిద్దామని ఒక షాపుకి వెళ్తే, 192 కిలోహెర్ట్జ్‌లో చేస్తేనే అసలు క్వాలిటీ వస్తుందనీ, దానికి రెట్టింపు రేటనీ అన్నారు. మామూలుదీ అదీ వినిపించారు కూడా. 192 బాగున్నట్టే అనిపించింది. మా అబ్బాయేమో ఎంపీ3 చాలంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, పెదవాల్తేరు

జవాబు: 192కి డబ్బు పెట్టకండమ్మా. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో చేయించి, శబ్దంలో ఏదీ పోకుండా కుదించే ఫ్లాక్ ఫైళ్లుగా దాచుకోండి. మిగిలిన డబ్బు క్యాసెట్లు బాగుచేయించడానికి ఖర్చు పెట్టండి. మీ మామగారి గొంతు బాగా రావడమన్నది అక్కడే తేలుతుంది.

షాపువాళ్లు చెప్పిన 192 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ రేటు, అంటే శబ్దాన్ని సెకనుకి ఎన్నిసార్లు కొలుస్తున్నామన్న లెక్క; 192 అంటే లక్షా 92 వేల సార్లు. ఎక్కువసార్లు కొలిస్తే శబ్దం నునుపుగా వస్తుందని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. శబ్దంలో ఉన్న అత్యధిక ఫ్రీక్వెన్సీకి రెట్టింపు కన్నా ఎక్కువసార్లు కొలిస్తే, కొలతల మధ్యనున్న తరంగం కూడా ఉన్నదున్నట్టు తిరిగొస్తుంది. క్లాడ్ షానన్ 1949లోనే దీన్ని గణితంతో చూపించాడు. మనిషి చెవి హద్దు సుమారు 20 వేల హెర్ట్జ్, అదీ చిన్న వయసులో. అందుకే సీడీకి 44,100 సరిపోయింది. ఆ వింత అంకె ఎక్కడిదంటే, తొలిరోజుల్లో డిజిటల్ శబ్దాన్ని వీడియో టేపు మీద దాచేవారు. టీవీ బొమ్మ ఒక్కో ఫీల్డులో, అంటే సగం బొమ్మలో, వాడుకోదగ్గ గీతలు 245, గీతకి 3 శాంపిళ్లు, సెకనుకి 60 ఫీల్డులు. గుణించి చూడండి. సోనీ, ఫిలిప్స్ ఆ అంకెనే సీడీకి ఖాయం చేశాయి.

ఇక క్యాసెట్‌లో ఉన్నదెంత? టేపు నడిచేది సెకనుకి 4.76 సెంటీమీటర్లు. మామూలు టేపు మీద మంచి డెక్కుతో చేసినా 15 వేల హెర్ట్జ్ చుట్టుపక్కలకి వచ్చేసరికి శబ్దం పలచబడిపోతుంది. పందిట్లో పెట్టిన టేప్ రికార్డర్ మైకుకి అంత కూడా అందదు. 192లో చేస్తే 96 వేల హెర్ట్జ్ దాకా జాగా ఇచ్చినట్టు. అందులో నిండేది టేపు 'హిస్', అంటే బుసబుసమనే చప్పుడే. పైగా కుదించకముందు 60 నిమిషాల క్యాసెట్ 48లో సుమారు ఒక జీబీ అయితే 192లో నాలుగు జీబీలు.

24 బిట్ మాత్రం గట్టిగా అడగండి. బిట్లంటే ఒక్కో కొలతని ఎంత సన్నగా రాసుకుంటున్నామన్న లెక్క. 16 బిట్‌కి అతి మెల్లని శబ్దం నుంచి అతి పెద్ద శబ్దం దాకా 96 డెసిబెళ్ల వ్యాప్తి ఉంది, క్యాసెట్‌కి అందులో సగం చిల్లర. లెక్కకి 16 చాలు. కానీ హరికథలో మాట మెల్లగా నడుస్తుండగానే చిడతలు ఒక్కసారిగా మోగుతాయి. లెవల్ కాస్త ఎక్కువైతే ఆ మోత పగిలిపోతుంది, పగిలింది ఇక అతకదు. 24 బిట్‌లో లెవల్ బాగా తగ్గించి పెట్టుకున్నా మెల్లని మాటకి నష్టం రాదు. కచేరీలు రికార్డు చేసేటప్పుడు నేనూ 48, 24లోనే చేస్తాను.

షాపులో తేడా వినిపించిందన్నారు. రెండిటిలో ఒకటి రవ్వంత గట్టిగా మోగి ఉంటుంది. ఒక డెసిబెల్ తేడా మనకి 'గట్టిగా ఉంది' అనిపించదు, 'బాగుంది' అనిపిస్తుంది. రెండిటి లెవల్ సమానం చేసి, ఏది ఏదో చెప్పకుండా వినిపించమనండి. అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఇలాంటి పరీక్షే పెట్టి 2007లో ఫలితాలు ప్రచురించారు. హై రిజల్యూషన్ డిస్కుల శబ్దాన్నీ, దాన్నే సీడీ స్థాయికి దించినదాన్నీ మార్చి మార్చి వినిపించారు. 554 సార్లలో సరిగ్గా గుర్తుపట్టింది 276 సార్లు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది.

క్యాసెట్ల సంగతి. మన సముద్రపు గాలికి ఇక్కడ టేపు బూజు పట్టని ఇల్లు అరుదు. క్యాసెట్ కిటికీలోంచి చుట్ట అంచు మీద తెల్లటి పొడి కనిపిస్తే దాన్ని ప్లేయర్‌లో పెట్టనివ్వకండి, ముందు శుభ్రం చేయించాలి. ముందువైపు తెరిచిన చోట టేపు వెనక సన్నని రేకు, దాని మీద చిన్న ఫెల్టు ముక్క ఉంటాయి. జిగురు ఎండి ఆ ముక్క ఊడిపోతే టేపుని చదివే హెడ్‌కి అది సరిగ్గా ఆనదు, గొంతు ఆగి ఆగి వస్తుంది. చుట్టల్ని మరో మంచి క్యాసెట్ డబ్బాలోకి మారిస్తే సరి.

అన్నిటికన్నా ముఖ్యం హెడ్ వాలు. హెడ్ పక్కన బుల్లి స్క్రూ ఉంటుంది. మీ మామగారి కథలు రికార్డు చేసిన యంత్రం హెడ్ ఎటు వాలి ఉందో, ఇప్పుడు వాయించే హెడ్ కూడా అటే వాలాలి. క్యాసెట్ నడుస్తుండగా ఆ స్క్రూని వెంట్రుకవాసి తిప్పుతుంటే, దుప్పటి కప్పినట్టున్న చిడతల మోత ఒకచోట టక్కున విచ్చుకుంటుంది. 'శ', 'స' విడివిడిగా వినిపిస్తాయి. అక్కడ ఆపి రికార్డింగ్ మొదలుపెట్టాలి. వేర్వేరు టేప్ రికార్డర్లు వాడి ఉంటారు కాబట్టి ప్రతి క్యాసెట్‌కీ ఇది చేయాల్సిందే. ఇది చేస్తారా అని షాపులో అడగండి. ఆ స్క్రూ ఏదో తెలియని చోట మీ పెట్టె ఇవ్వొద్దు.

మీ అబ్బాయి మాటా కొట్టిపారేయలేం. సెకనుకి 320 కిలోబిట్ల ఎంపీ3కీ అసలుకీ తేడా పట్టడం చాలామందికి కష్టమే. అయితే ఎంపీ3 మన చెవి గమనించదనుకున్న శబ్దాల్ని పారేస్తుంది. రేపు ఎవరైనా హిస్ తగ్గించి మళ్లీ ఎంపీ3 చేస్తే, నష్టం మీద నష్టం. ఫ్లాక్‌లో ఏదీ పోదు. దాన్ని రెండు చోట్ల దాచి, బంధువులకి ఎంపీ3 పంచండి.

ప్రశ్న: లాస్‌లెస్, అంటే శబ్దంలో ఏదీ పోని పాటల ప్లాన్ తీసుకున్నాను. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లో తేడా తెలియడం లేదు. లోపం నా చెవిదా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: కాదు. మామూలు బ్లూటూత్ పాటని మళ్లీ కుదించి పంపుతుంది. ఎల్‌డ్యాక్ అనే మెరుగైన కుదింపు పద్ధతి ఉన్న ఖరీదైన సెట్లలో కూడా గరిష్ఠం సెకనుకి 990 కిలోబిట్లు, సీడీ శబ్దానికి కావలసింది 1,411. ఆ ప్లాన్ డబ్బుతో మంచి వైరు ఇయర్‌ఫోన్స్ కొనుక్కోండి. చెవికి సరిగ్గా అమిరే రబ్బరు సైజు చూసుకుని మరీ తీసుకోండి, అది వదులైతే బేస్ అంతా బయటికే పోతుంది.