641 దగ్గర దొరికిపోయే సంఖ్య

ప్రశ్న: 4,29,49,67,297 ప్రధాన సంఖ్యేనా? 2 నుంచి 97 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూశాను, దేనితోనూ పోలేదు. ఇంకా ఎంతదాకా చూడాలి?

జవాబు: ప్రధాన సంఖ్య కాదు. 641 × 67,00,417 అవుతుంది. కానీ 641 అనేది 116వ ప్రధాన సంఖ్య. మీ దారిలోనే వెళ్తే 115 భాగహారాలు వృథా.

మీ సంఖ్య నిజానికి 2³² + 1. 2ను 1, 2, 4, 8, 16, 32... ఇలా రెట్టింపవుతూ పోయే ఘాతాలకు ఎత్తి 1 కలిపితే వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ 641ని పట్టుకుని ఆ నమ్మకాన్ని కొట్టేశాడు. కిటుకు ఇది: p దీని ప్రధాన కారణాంకం అనుకోండి. 2³²ను p తో భాగిస్తే శేషం −1, దాని వర్గమైన 2⁶⁴కు శేషం 1. అంతకంటే చిన్న ఘాతానికి 1 రాదు. p ప్రధాన సంఖ్య కనుక 2ను p − 1 ఘాతానికి ఎత్తినా శేషం 1 వస్తుంది, కాబట్టి p − 1 కచ్చితంగా 64తో పోవాలి. తర్వాత లూకాస్ అనే గణితవేత్త ఆ 64ను 128 చేశాడు, పని ఇంకా తగ్గింది.

128తో భాగిస్తే 1 మిగిలే సంఖ్యలు 129, 257, 385, 513, 641... వీటిలో 129, 513 మూడుతో పోతాయి, 385 అయిదుతో పోతుంది. 257తో భాగిస్తే శేషం 2. ఆ తర్వాతదే 641! అంటే రెండో భాగహారానికే పని అయిపోతుంది.

67,00,417ను మళ్లీ విడగొట్టగలమా అనే సందేహం రావచ్చు. దాని వర్గమూలం 2588 చిల్లర. అంతలోపు 641 మొదలుకొని ఈ రకం ప్రధాన సంఖ్యలు నాలుగే: 641, 769, 1153, 1409. శేషాలు వరసగా 44, 120, 334, 622. ఏదీ సున్నా కాదు కాబట్టి అది ప్రధాన సంఖ్యే.

ప్రశ్న: ఇదే సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా ఎన్ని రకాలుగా రాయవచ్చు?

జవాబు: రెండు రకాలుగా. 65536² + 1² చూడగానే తెలిసేది. రెండోది దాక్కుని ఉంది: 62264² + 20449². అది ఇలా వస్తుంది. 641 = 25² + 4², 67,00,417 = 2556² + 409². అడ్డంగా గుణించండి: 25 × 2556 = 63900, 4 × 409 = 1636. తీసివేస్తే 62264, కూడితే 65536. అలాగే 25 × 409 = 10225, 4 × 2556 = 10224. కూడితే 20449, తీసివేస్తే 1. అంత పెద్ద లెక్కలో ఆ ఒక్క 1 మిగలడం ముచ్చటగా లేదూ! ప్రధాన సంఖ్యను ఇలా ఒక్క రకానికి మించి రాయలేం. రెండోది దొరికిందంటే, కారణాంకాలు తెలియకపోయినా అది సంయుక్త సంఖ్యే.

ప్రశ్న: ప్రోగ్రాం రాస్తే ఈ సంఖ్యను దేనితో భాగించినా శేషం 1 అనే వస్తోంది. ఎందుకు?

జవాబు: 32 బిట్లలో పట్టే పెద్ద సంఖ్య 4,29,49,67,295. మీది దానికంటే 2 ఎక్కువ, అందుకే అది చుట్టు తిరిగి 1గా నిలిచింది. 64 బిట్ల చలరాశి వాడండి. ఇంకొకటి: 2 ఆధారంగా చేసే ఫెర్మా పరీక్షలో (సంఖ్య n అయితే, 2ⁿ⁻¹ను n తో భాగిస్తే శేషం 1 రావాలి) ఈ సంఖ్య పాసైపోతుంది. 3తో చేయండి, అక్కడ తప్పుతుంది.